హెరాల్డ్ కారుకు మెకానిక్ వరంగల్‌లోనే దొరుకుతాడు

మీ తండ్రిగారి స్టాండర్డ్ హెరాల్డ్ కారు హన్మకొండ ఇంట్లో ఏళ్ల తరబడి కదలకుండా ఉందని, దాన్ని నమ్మి అప్పగించదగిన మెకానిక్ ఇక్కడ ఉంటాడా, లేక లారీ మీద హైదరాబాద్‌కు పంపక తప్పదా అని అడిగారు. నా దగ్గర కూడా హెరాల్డే ఉంది. పంపకండి.

ముందుగా ‘హెరాల్డ్ తెలిసిన మెకానిక్’ కోసం వెతకడం మానుకోండి. ఈ కారును మద్రాసులో 1961 నుంచి తయారు చేశారు. 1972లో దాని స్థానంలో గజెల్ అనే కారు వచ్చింది. ఆ రోజుల్లో దీని మీద చేయి తిరిగిన వాళ్లలో ఇప్పటికీ పానా పట్టగలిగే వాళ్లు ఎందరుంటారు? అందుకే చూడగానే ‘ఇట్లాంటివి చాలా చేసిన సార్’ అనే మనిషిని బానెట్ తెరవమనండి. హెరాల్డ్ బానెట్ మడ్‌గార్డులతో సహా మొత్తంగా ముందుకు ఒరుగుతుంది, దాని గొళ్లేలు రెండు పక్కలా తలుపులకు ముందు ఉంటాయి. ఆ మనిషి ముందు గ్రిల్లు కింద వేళ్లు పెట్టి తడుముతుంటే, ఆయన ఈ బండిని ఎన్నడూ ముట్టుకోలేదని అక్కడే తెలిసిపోతుంది. ముట్టుకోకపోవడం తప్పు కాదు, ముట్టుకున్నానని చెప్పడమే ప్రమాదం.

నా కారు స్టీరింగు ఒకవైపు తిప్పితే బిగుసుకుపోయేది. హైదరాబాద్‌లో పాత కార్లకు పేరున్న ఒక గ్యారేజీ వాళ్లు ముందు చక్రాల కీళ్లన్నింటికీ గ్రీజు కొట్టి, పెద్ద బిల్లు చేతికిచ్చి పంపించారు. కొన్నాళ్లకే మళ్లీ అదే బిగుతు. అప్పుడు ములుగు రోడ్డు వైపు లారీల పని చేసే ఒక పెద్దాయన షెడ్డుకు తీసుకెళ్లాను. చుట్టుపక్కల వాళ్లంతా ఆయనను చాచా అనే పిలుస్తారు. చాచా జాకీ మీద చక్రం లేపి, పైనా కిందా రెండు చేతులతో పట్టుకుని ఊపి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. చక్రం విప్పాక, చక్రాన్ని పట్టి ఉంచే నిలువు కడ్డీ అడుగున ఉండే, ట్రనియన్ అనే ఇత్తడి రంగు కీలు దగ్గర మైనంలా గట్టిపడిన గ్రీజును గోటితో గీకి చూశాడు.

‘సారూ, దీనికి పుస్తకం ఉన్నదా? ఉంటే తీసుకరాండ్రి. ఈ బండి నేను ఎన్నడు ఇప్పలే, సూడకుంట ఇప్పితే పాడైతది’ అన్నాడు.

నేను నమ్మిన మాట అదే. ఇంట్లో ఉన్న వర్క్‌షాప్ మాన్యువల్ తెచ్చి నేను చదువుతుంటే ఆయన కింద కూర్చుని విన్నాడు. ట్రనియన్‌కు గ్రీజు కాదు, 90 నంబరు గేరు ఆయిల్ పెట్టాలని అందులో స్పష్టంగా ఉంది. నిలువు కడ్డీ అడుగున ఉన్న మరలు ట్రనియన్‌లోకి దిగి, స్టీరింగు తిప్పినప్పుడల్లా అందులోనే తిరుగుతాయి. గ్రీజు అడుగు మరల దాకా చేరదు, అక్కడ తడి నిలిచి కడ్డీ చిలుము పడుతుంది, చివరకు విరిగిందంటే ముందు చక్రం బండి కిందికి మడత పడుతుంది. పైగా ఎడమ వైపు మరలు మామూలుకు వ్యతిరేకంగా, అంటే ఎడమ తిరుగుడుగా ఉంటాయి. ఆ సంగతి తెలియకుండా బలం పెడితే భాగం నాశనమవుతుంది. చాచా రెండింటినీ కిరోసిన్‌తో కడిగి, పాత గ్రీజు గన్నులోనే గేరు ఆయిల్ నింపి, అంచుల్లో నల్లటి మడ్డి పోయి శుభ్రమైన ఆయిల్ కారేదాకా కొట్టాడు. విప్పిన ప్రతి బోల్టునూ విప్పిన వరుసలోనే గోనెసంచి మీద పేర్చాడు.

కాబట్టి మెకానిక్‌ను ఎంచేటప్పుడు షెడ్డు ఎంత అందంగా ఉందో కాదు, విప్పిన బోల్టు ఎక్కడ పెడుతున్నాడో చూడండి. ఇంచు కొలతల పానాలు ఉన్నాయో లేదో అడగండి, ఎందుకంటే ఈ కారు బోల్టులకు మిల్లీమీటరు పానా వేస్తే మూలలు అరిగి తల గుండ్రమవుతుంది. పనిని గుత్తకు మాట్లాడుకోకండి, రోజుకింత అని ఇవ్వండి. గుత్త పనిలో తొందర తప్పదు, తొందరలో విరిగిన భాగం మీ ఖాతాలోనే పడుతుంది.

‘మారుతి ఇంజన్ వేసేద్దాం, ఏ బాధా ఉండదు’ అని ఎవరైనా సలహా ఇస్తే అక్కడి నుంచి బండి తీసుకొచ్చేయండి. ఈ మాట నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పిస్తుంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన కారుకు వింటేజ్ గుర్తింపు, ‘వీఏ’ అక్షరాలతో నంబరు వస్తాయి. కానీ ఇంజన్, ఛాసిస్, బాడీలో పెద్ద మార్పులు చేయకుండా ఉంటేనే ఆ గుర్తింపు. ఇంజన్ మార్చడమంటే తండ్రిగారి కారును చేజేతులా పోగొట్టుకోవడమే.

స్పేర్ల గురించి దిగులు పడకండి. ఇంగ్లండులో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కారును హెరాల్డ్ ఛాసిస్ ఆధారంగానే చేశారు, 1980 దాకా తయారైంది. దాని ముందు చక్రాల భాగాలు చాలావరకు దీనికీ సరిపోతాయి, అక్కడ ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. పాత భాగాలకు చెన్నై పుదుపేటలో వెతకవచ్చు. చిన్న బుష్‌లు, పిన్నులు మన దగ్గర లేత్ మిషన్ల మీదే చేయించవచ్చు. కాజీపేట రైల్వే షెడ్లలో పనిచేసి రిటైరైన ఫిట్టర్లు ఎవరైనా పరిచయం ఉంటే ముందు వాళ్లనే అడగండి, కొలత పనిలో వాళ్లను మించిన వాళ్లు ఈ చుట్టుపక్కల లేరు.

ఇక మీ బండి ఏళ్లుగా ఆగి ఉందన్నారు కాబట్టి ఒక జాగ్రత్త. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, అది పాత రబ్బరు పైపులను, పెట్రోలు పంపు లోపల ఉండే పలుచని పొరను, అంటే డయాఫ్రంను తినేస్తుంది. టాంకు కడిగించి, ఇథనాల్‌ను తట్టుకునే కొత్త పైపులు, డయాఫ్రం వేయించేదాకా ఎవరు అడిగినా సెల్ఫ్ కొట్టనివ్వకండి.