బరువు తగ్గించిన లిమిటెడ్ ఎడిషన్ స్పోర్ట్స్ కార్లకు నిజంగా అంత గిరాకీ ఉందా?

ఏసీ తీసేసి, రేడియో తీసేసి, వెనక సీటు కూడా పీకేసి, మామూలు మోడల్ కంటే ఎక్కువ ధర పెట్టి అమ్మే కార్లను నిజంగా జనం కొంటున్నారా లేక ఇదంతా కంపెనీల ప్రచారమా, పెట్టుబడి అనుకుని ఒకటి కొనొచ్చా అని అడిగారు. గిరాకీ ఉంది, అందులో అనుమానం లేదు. కాకపోతే కారు కొత్తగా వచ్చిన రోజున ఎగబడేవాళ్లు వేరు, పదీ పదిహేనేళ్ల తర్వాత అదే కారు కోసం ఊళ్లు వెతికేవాళ్లు వేరు. ఈ ఇద్దరినీ ఒకే గాటన కడితే లెక్క తప్పుతుంది.

నేను నార్త్ కరోలినాలో ఉంటాను, నా దగ్గర 2011 పోర్షే బాక్స్‌టర్ స్పైడర్ ఉంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. తెలియనివాళ్ల కోసం చెప్తాను, ఇది అప్పటి బాక్స్‌టర్ ఎస్ మీద 80 కిలోలు తగ్గించి చేసిన కారు, మొత్తం 1,275 కిలోలు, 320 హార్స్‌పవర్. తలుపులు అల్యూమినియం, సీట్లు కార్బన్ షెల్ బకెట్ సీట్లు, లోపల తలుపు తెరవడానికి హ్యాండిల్ బదులు ఎర్ర గుడ్డ పట్టీ. బటన్ నొక్కితే ముడుచుకునే టాప్ కాదు, రెండు ముక్కల గుడ్డ, కారు దిగి చేత్తో బిగించుకోవాలి. వాన మొదలయ్యాక హైవే పక్కన ఆపి అది బిగించే లోపు మనం తడిసిపోతాం. కంపెనీ దీనికి ఇన్నే చేస్తామని నంబరు వేసి అమ్మలేదు, రెండేళ్లు అమ్మి ఆపేసింది, అంతే. ఇవాళ మాన్యువల్ గేరున్న మంచి స్పైడర్ కొత్తప్పటి ధరకు అటూ ఇటూగా అమ్ముడుపోతోంది. అదే ఏడాది బాక్స్‌టర్ ఎస్ అందులో సగానికి అటూ ఇటూగానే పలుకుతుంది. ఇంజన్ మాత్రం దాదాపు అదే.

అయితే కొనడానికి వెతుకుతున్నప్పుడు నేను గమనించిన సంగతి ఒకటుంది. ఆ 1,275 కిలోల అంకె ఏసీ, రేడియో లేకుండా వేసింది. కావాలనుకున్నవాళ్లు రెండూ పెట్టించుకోవచ్చు. అమ్మకానికి కనిపించినవాటిలో ఏసీ లేనిది దొరకడమే గగనమైపోయింది, అందరూ తేలిక కారని మురిసిపోతూ కొని, తీసేసిన బరువును తిరిగి ఆర్డరు పెట్టుకున్నారు! నాదాంట్లోనూ ఏసీ ఉంది, ఇక్కడి జులై ఉక్కపోతలో అది లేకుండా నడపడం నావల్ల కాదు. రేడియో మాత్రం లేదు, ఆ లోటు నాకు ఏనాడూ తెలియలేదు.

ఇది ఇప్పటి అలవాటేమీ కాదు. ఈ కార్లన్నిటికీ పెద్దన్న లాంటి పోర్షే 911 కరేరా ఆర్ఎస్ 2.7 సంగతి చూడండి. 1972 అక్టోబరులో పారిస్ మోటార్ షోలో పెట్టారు. రేసుల్లో దింపాలంటే రూల్ ప్రకారం 500 కార్లు చేయాలి, అన్ని అమ్ముడుపోతాయని పోర్షే సేల్స్ వాళ్లకే నమ్మకం లేదు. నవంబరు ఆఖరుకి 500 అయిపోయాయి, చివరికి 1,580 చేశారు. అందులో పలచటి రేకు, పలచటి అద్దాలతో 960 కిలోలుండే లైట్‌వెయిట్ రకం కొన్నది 200 మంది మాత్రమే. 1,300 మందికి పైగా, ఇంకా డబ్బు కట్టి మరీ, మామూలు సీట్లు, కార్పెట్లు ఉన్న టూరింగ్ రకం తీసుకున్నారు. అంటే యాభై ఏళ్ల కిందట కూడా జనానికి ఆ పేరు, వెనక ఆ బాతు తోక స్పాయిలర్ కావాలి, కానీ కూర్చోడానికి సుఖంగా ఉండాలి. ఇవాళ మాత్రం ఆ 200 కార్లకు టూరింగ్ కంటే ఎంతో ఎక్కువ పలుకుతుంది, ఎందుకంటే అప్పుడు వద్దన్నవే ఇప్పుడు దొరకడం లేదు.

కొత్తప్పుడు ఎవరూ పట్టించుకోనివి కూడా ఉన్నాయి, మీరు పెట్టుబడి అన్నారు కాబట్టి ఇవి తెలిసుండాలి. 1995లో బీఎమ్‌డబ్ల్యూ అమెరికా కోసం ఎం3 లైట్‌వెయిట్ అని ఓ కారు చేసింది. ఏసీ లేదు, రేడియో లేదు, సన్‌రూఫ్ లేదు, తలుపులు అల్యూమినియం, తెల్ల రంగు ఒక్కటే, చేసింది నూట పాతిక చిల్లర. అప్పట్లో డీలర్ల దగ్గర కదల్లేదు. అదే కారు, నటుడు పాల్ వాకర్ సేకరణలోది ఒకటి, 2020 జనవరిలో అరిజోనాలో జరిగిన బ్యారెట్-జాక్సన్ వేలంలో 3,85,000 డాలర్లకు పోయింది. ఆ ధరలో ఆయన పేరు వాటా చాలా ఉంది, నిజమే, కానీ ఆయనకు సంబంధం లేని మిగతా లైట్‌వెయిట్లు కూడా మామూలు ఎం3తో పోల్చలేని ధరలో ఉన్నాయి. యూరప్‌లో 2008లో రెనో మెగాన్ ఆర్26.ఆర్ వచ్చింది, 123 కిలోలు తగ్గించారు, వెనక సీటు లేదు, వెనక కిటికీలకు అద్దం బదులు ప్లాస్టిక్. బ్రిటన్‌కు 230 కేటాయిస్తే అమ్ముడుపోయినవి 159. నడిపినవాళ్లంతా ఆకాశానికెత్తేశారు, కొనేవాళ్లు లేరు. ఇప్పుడు ఆ కారు యజమానులు అమ్మనంటున్నారు.

ఇక రెండో రకం, వచ్చీ రాగానే రేటు పెరిగిపోయేవి. దీనికి 2016 నాటి 911 ఆర్ కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. 991 కార్లు మాత్రమే, ఆ తరం 911 కోడ్ నంబరే 991 కాబట్టి. 1,370 కిలోలు, 500 హార్స్‌పవర్, మెగ్నీషియం పైకప్పు, వెనక పెద్ద రెక్క లేదు, మాన్యువల్ గేర్‌బాక్స్. అసలు కిటుకు ఈ చివరిదే. అప్పటి జీటీ3లో, అంటే 911లో ట్రాక్ కోసం చేసిన రకంలో, మాన్యువల్ దొరికేది కాదు, అలాంటి ఇంజన్‌తో మాన్యువల్ కావాలంటే ఇది తప్ప వేరే దారి లేదు. అమెరికాలో దీని ధర 1,84,900 డాలర్ల దగ్గర మొదలైతే, కొన్ని నెలల్లోనే దానికి ఎన్నో రెట్లు అడిగారు. తర్వాత 2017లో కంపెనీ జీటీ3 టూరింగ్ తెచ్చింది, అదే 4 లీటర్ల ఇంజన్ కుటుంబం, మాన్యువల్, రెక్క లేదు, సంఖ్యకు పరిమితి లేదు. ఆర్ ధర ఆ ఎత్తు నుంచి జారింది. అసలు ధర కంటే కింద పడలేదు గానీ, ఎత్తులో కొన్నవాళ్లకు బాగానే తగిలింది. చూడండి, జీటీ3 టూరింగ్ ఆర్ కంటే బరువు ఎక్కువే, ఆ తేడాకు పట్టుబట్టి ఆర్ కోసమే ఆగినవాళ్లు కొద్దిమందే. చాలామంది డబ్బు పెట్టింది మాన్యువల్‌కి, కిలోలకి కాదు.

ఇలా కొని అలా అమ్మేసేవాళ్ల బెడద కంపెనీలకూ తెలుసు. 2023లో 911 ఎస్/టీ వచ్చింది, 1,963 కార్లు, 911 పుట్టిన ఏడాది అన్నమాట, 1,380 కిలోలు. దాన్ని అమెరికాలో మొదటి ఏడాది లీజుకు మాత్రమే ఇచ్చారు, ఏడాది గడిచాకే సొంతం చేసుకోవచ్చు. కొన్న వారానికే వేలంలో పెట్టకుండా అడ్డుకట్ట. నాకు ఈ పద్ధతి నచ్చింది. ఎందుకంటే ఇలాంటి కార్ల క్యూలో మనలాంటివాళ్లకు చోటే ఉండదు. మా ప్రాంతంలో ఓ డీలర్ దగ్గర అడిగితే, ముందు మా దగ్గర వేరే కార్లు కొనండి, ఆ తర్వాత అలకేషన్ (ఇలాంటి కారు ఒకటి మీకు కేటాయించడం) సంగతి చూద్దాం అన్నారు. కారు చేతికి రాకముందే గిరాకీ ఎలా పుట్టిస్తారో అక్కడ అర్థమైంది.

ఖరీదైన బ్రాండ్లలోనే ఇలా ఉంటుందనుకోకండి. హోండా సివిక్ టైప్ ఆర్ 2021 లిమిటెడ్ ఎడిషన్ కెనడాకు 100 కార్లు ఇస్తే నాలుగు నిమిషాల్లో బుక్ అయిపోయాయి. దానిలో చేసిందేమిటి, శబ్దం ఆపే పొరలు తగ్గించారు, వెనక వైపర్ తీసేశారు, తేలిక చక్రాలు వేశారు, పసుపు రంగు పూశారు.

మరి బరువు తగ్గడం వల్ల నిజంగా తేడా తెలుస్తుందా అంటే, తెలుస్తుంది. ఈ విషయంలో నేను గట్టిగా మాట్లాడతాను. నా కారుని వర్జీనియా ఇంటర్నేషనల్ రేస్‌వేకి ట్రాక్ డేలకు (సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజులు) తీసుకెళ్తుంటాను. అక్కడ నాకంటే ఎంతో పవర్ ఉన్న కార్లు స్ట్రెయిట్‌లో నన్ను దాటేసి పోతాయి, బ్రేకు దగ్గరకొచ్చేసరికి మళ్లీ నా ముందే కనిపిస్తాయి. తేలిక కారు ఆలస్యంగా బ్రేక్ వేసినా ఆగుతుంది, స్టీరింగ్ తిప్పగానే తిరుగుతుంది. టైర్లు, బ్రేక్ ప్యాడ్లు తొందరగా అరగవు, అంటే ఖర్చు కూడా తక్కువ. సరదాగా సాయంత్రం ఊరవతల రోడ్డు మీద 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నా ఆ చురుకు తెలుస్తూనే ఉంటుంది. నాన్న గుంటూరు నుంచి వచ్చినప్పుడు ఎక్కించుకుని తిప్పాను. ఆ బకెట్ సీట్లోంచి దిగడానికి ఇబ్బంది పడ్డారు గానీ, "ఇది రోడ్డుని పట్టుకుని పోతోందిరా" అన్నారు. ఆయన జీవితంలో స్పోర్ట్స్ కారు ఎక్కడం అదే మొదటిసారి.

పాత తేలిక కార్లకు ధర నిలబడటానికి కారణం కూడా ఇదే అని నా నమ్మకం. కొత్త కార్లు ఏటేటా బరువెక్కుతున్నాయి, ఇప్పటి హైబ్రిడ్ బీఎమ్‌డబ్ల్యూ ఎం5 రెండున్నర టన్నులకు దగ్గరగా ఉంది. భద్రత నియమాలు, బ్యాటరీలు, స్క్రీన్లు, ఇవేవీ వెనక్కి పోయేవి కావు. తేలిక కారు మళ్లీ చేయాలంటే కార్బన్, మెగ్నీషియం పెట్టాలి, కొద్ది సంఖ్యలో చేయాలి, అందుకే తీసేసిన దానికి ఎక్కువ డబ్బు కట్టాల్సి వస్తోంది. నా కారులో ఉన్న హైడ్రాలిక్ స్టీరింగ్ (ఆయిల్ ఒత్తిడితో పనిచేసేది) అయితే ఇప్పుడు ఎంత డబ్బిచ్చినా కొత్త పోర్షేలో రాదు.

ఇండియాలో కొనాలనుకునేవాళ్లకు ఒక్క మాట. దిగుమతి సుంకం, జీఎస్టీ కలిసేసరికి ధర రెట్టింపు దాటుతుంది, ఎడమ చేతి స్టీరింగ్ కారు తెచ్చి మామూలుగా రిజిస్టర్ చేయించుకోవడం కుదరదు. అక్కడ లిమిటెడ్ అన్న మాటకే గిరాకీ, తేలికదనానికి కాదు. 2025లో ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐ మొదటి 150 కార్లు, స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 100 కార్లు ధర బయటికి రాకముందే అయిపోయాయి, వాటిలో ఏదీ బరువు తగ్గించింది కాదు.

మీ విషయానికొస్తే, పెట్టుబడి కోసమే అయితే కొత్త లిమిటెడ్ ఎడిషన్‌ని లిస్ట్ ధర మీద అదనంగా కట్టి కొనకండి. కంపెనీ రేపు అదే ఇంజన్, అదే గేర్‌బాక్స్ ఇంకో పేరుతో తేదని ఎవరూ హామీ ఇవ్వరు. ఓ పదేళ్లు దాటినవి, ఇక రాని ఇంజన్, మాన్యువల్ గేరు ఉన్నవి చూడండి. బయటి మెకానిక్‌తో చెక్ చేయించకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. అసలు సీట్లు, అసలు చక్రాలు కారుతోపాటు వస్తున్నాయా లేదా అడగండి, ఈ రకం కార్లలో ధరంతా వాటిలోనే ఉంటుంది, చాలామంది సుఖం కోసం సీట్లు మార్చేసి పాతవి అమ్మేసుకుంటారు. ట్రాక్ మీద నడిచిన కారు అనగానే భయపడి వదిలేయొద్దు, ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారో కాగితాలున్నాయా అన్నది చూడండి. ఏళ్ల తరబడి గ్యారేజీలో కదలకుండా ఉన్న కారుకి రబ్బరు సీళ్లు, టైర్లు, క్లచ్ అన్నీ ఖర్చు పెట్టిస్తాయి. ఇన్సూరెన్స్ మామూలు పాలసీ కాకుండా ముందే ఒప్పుకున్న విలువ మీద ఇచ్చేది తీసుకోండి, లేకపోతే ప్రమాదం జరిగితే దాన్ని మామూలు బాక్స్‌టర్ లెక్కన కట్టి చేతిలో పెడతారు.

మీ బడ్జెట్ ఎంతో, ఇంట్లో ఇంకో కారు ఉందో లేదో రాస్తే ఏ మోడల్ చూడొచ్చో చెప్తాను. ఇదొక్కటే కారయ్యేటట్లయితే మాత్రం స్పైడర్ వద్దు, అదే కాలపు కేమన్ ఆర్ చూడండి, గట్టి పైకప్పు ఉంటుంది, వారం సరుకులు కూడా పడతాయి.