జెండా పాట వేరు, చేతికొచ్చే ధర వేరు

ఖమ్మం,
ఆదివారం

చిరంజీవి తమ్ముడికి అన్నయ్య ఆశీర్వదించి రాసేది. మేమిక్కడ క్షేమం. మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

బుజ్జికి వీసా వచ్చిందని మీ వదిన చెప్పగానే చాలా సంతోషం వేసింది. వెనకాలే నీ ఫోన్: "అన్నయ్యా, ఆగస్టు మొదటి వారంలోగా ఫీజు కట్టాలంట, అమెరికాకు ఎవరి ద్వారా పంపితే చార్జీ తక్కువ?" అని. ఫోన్‌లో చెబితే సగం నువ్వు వినవు, మిగతా సగం నేను మర్చిపోతా. అందుకే కూర్చుని రాస్తున్నా. ఇద్దరు పిల్లల్ని అమెరికా పంపి, నాలుగేళ్లు బ్యాంకుల చుట్టూ తిరిగి నేర్చుకున్నది ఇది.

ముందు నీ ప్రశ్న మార్చుకో. చార్జీ ఎంత అని అడిగితే ఎవడైనా తక్కువే చెబుతాడు. కొందరు అసలు చార్జీయే లేదంటారు. ఇరవై ఏళ్లుగా మిర్చి యార్డుకు బస్తాలు తోలుతున్నవాడివి, నీకు నేను చెప్పాలా? పొద్దున మేలు సరుకుకు పాడే తొలి వేలం, అదే జెండా పాట, ఎంత పలికిందో మర్నాడు పేపర్లో పడుతుంది. ఆ ధర నీ బస్తాకు ఎన్నిసార్లు కట్టారు? రంగు తగ్గిందనీ, తేమ ఉందనీ ఏదో ఒకటి చెప్పి కిందికి లాగుతారు కదా. డాలర్ సంగతీ అంతే. గూగుల్‌లో కొడితే కనిపించే రేటు జెండా పాట. అది బ్యాంకులు తమలో తాము కోట్లలో కొనుక్కునే ధర. మనకు అమ్మే ధర వేరు, దాన్ని టీటీ సెల్లింగ్ రేటు అంటారు. ఈ రెంటి మధ్య తేడానే అసలు చార్జీ. రసీదులో ఆ పేరుతో అది ఎక్కడా కనపడదు.

లెక్క చూపిస్తా. జెండా పాట 90 రూపాయలనుకో. బుజ్జికి 10,000 డాలర్లు పంపాలి. ఒక బ్యాంకువాడు 500 రూపాయలే తీసుకుంటానంటాడు, కానీ డాలర్ 91 రూపాయల 40 పైసలకు ఇస్తాడు. ఇంకొకడు 1,500 చార్జీ అంటాడు, డాలర్ మాత్రం 90 రూపాయల 60 పైసలకే ఇస్తాడు. చార్జీ చూసి మొదటివాడి దగ్గరికి పోయావనుకో. 9,14,000 కాక, చార్జీ మీద జీఎస్టీతో 590, మార్పిడి మీద జీఎస్టీ 913. మొత్తం 9,15,503. రెండోవాడి దగ్గర 9,06,000, చార్జీ జీఎస్టీతో 1,770, మార్పిడి జీఎస్టీ 905. మొత్తం 9,08,675. వెయ్యి రూపాయల చార్జీ మిగుల్చుకుందామని పోతే 6,828 రూపాయలు ఎక్కువ పోయాయి. (ఆ మార్పిడి జీఎస్టీ ప్రభుత్వం పెట్టిన మెట్ల లెక్క. లక్షకు 180, పది లక్షలకు 990. ఎక్కడికి పోయినా దాదాపు అంతే, దాని మీద బుర్ర పాడుచేసుకోకు.)

కాబట్టి ఎవరి దగ్గరికి పోయినా ఒకటే అడుగు: "యూనివర్సిటీ ఖాతాలో సరిగ్గా ఇన్ని డాలర్లు పడాలి. నా ఖాతాలోంచి అన్నీ కలిపి ఎన్ని రూపాయలు పోతాయి?" ఆ ఒక్క అంకె కాగితం మీద రాయించుకో, లేదా వాట్సాప్‌లో పెట్టమను. అందరినీ ఒకే రోజు, ఒకే గంటలో అడుగు. రేటు నిమిషనిమిషానికీ కదులుతుంది, నిన్నటి రేటుతో ఇవాళ్టిది పోల్చితే ప్రయోజనం లేదు. శని, ఆదివారాల్లో మార్కెట్ ఉండదు గనక కొందరు రేటుకు ఇంకాస్త కలుపుకుంటారు. వారం మధ్యలో, పొద్దున పూట పో.

"సరిగ్గా పడాలి" అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, 2016లో మా అమ్మాయి మొదటి సెమిస్టర్ ఫీజు 7,400 డాలర్లు పంపాను. నాలుగు రోజుల తర్వాత తెల్లవారుజామున ఫోన్. "నాన్నా, ఇరవై అయిదు డాలర్లు తక్కువ పడ్డాయి. క్లాసులకు రిజిస్టర్ కానివ్వట్లేదు." నేను బ్యాంకుకు పరిగెత్తాను. కౌంటర్లో ఉన్నాయన మేం పూర్తిగానే పంపాం సార్ అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. మన బ్యాంకు నుంచి అక్కడి బ్యాంకుకు డబ్బు నేరుగా పోదు. దారిలో ఇంకో బ్యాంకు చేతులు మారుతుంది, అది తన కూలి తను కోసుకుంటుంది. యార్డులో తరుగు తీసినట్టే. బయటి దేశానికి డబ్బు పంపడానికి నింపే ఏ2 ఫారం వెంట ఇచ్చే దరఖాస్తులో మూడు గళ్లుంటాయి: అవర్, షా, బెన్. అవర్ అంటే దారి ఖర్చులన్నీ పంపేవాడే భరిస్తాడు. షా అంటే మన బ్యాంకు చార్జీ పంపేవాడు, దారిలో కోతలు అందుకునేవాడు భరిస్తారు, బెన్ అంటే అన్నీ అందుకునేవాడే. నా ఫారంలో గుమస్తా షా మీద టిక్కు పెట్టి సంతకం పెట్టమన్నాడు, పెట్టాను. ఆ ఫారం జిరాక్సు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఆ ఇరవై అయిదు డాలర్లు మళ్లీ పంపడానికి ఇంకో చార్జీ కట్టాను. ఫీజు పంపేటప్పుడు అవర్ మీదే టిక్కు. నువ్వే పెట్టు, కలం వాళ్ల చేతికివ్వకు.

ఇక ఎవరిని అడగాలి. డల్లాస్‌లో ఉన్న మనవాళ్లు రెమిట్లీ అనీ, ఇంకేదో యాప్ అనీ చెబుతారు. వాళ్లు చెప్పేది అటునుంచి ఇటు వచ్చే దారి. మనది ఎదురు దారి. బజార్లో వెస్టర్న్ యూనియన్ బోర్డు చూసి అక్కడికీ పోయేవు. ఆ దుకాణాలు నడిచే ఎంటీఎస్ఎస్ పథకం బయటి నుంచి వచ్చే డబ్బుకే, అదీ ఒక్కసారికి 2,500 డాలర్ల దాకా. గల్ఫ్ నుంచి ఇంటికి పంపేవాళ్లకు అది బాగు, మనకు పనికిరాదు.

మనకున్నవి మూడు. ఒకటి, నీ ఖాతా ఉన్న బ్యాంకు. ఊళ్లో చిన్న బ్రాంచిలో ఈ పని తెలిసినవాళ్లు ఉండరు, ఖమ్మంలో ఫారెక్స్, అంటే విదేశీ డబ్బు మార్పిడి, చూసే బ్రాంచికి రా. రెండు, రిజర్వ్ బ్యాంకు అనుమతి ఉన్న ఫారెక్స్ వ్యాపారులు, బుక్‌మైఫారెక్స్‌లాంటి ఆన్‌లైన్ వేదికలు. రేటు చాలాసార్లు వీళ్లదే మెరుగు. అనుమతి ఉందా లేదా అన్నది రిజర్వ్ బ్యాంకు జాబితాలో చూసుకో. మూడు, యూనివర్సిటీయే చూపించే ఫ్లైవైర్, కన్వెరా లాంటివి. వీటికి రూపాయల్లో కడితే విద్యార్థి నంబరుతో సహా ఫీజు పూర్తిగా జమ అవుతుంది, తరుగు గొడవ లేదు. కాకపోతే వాళ్ల లాభమూ రేటులోనే ఉంటుంది. వాళ్ల అంకె కూడా మిగతావాటి పక్కన పెట్టి చూడు.

బ్యాంకులో బేరం ఆడొచ్చన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 2022లో అబ్బాయికి 9,000 డాలర్లు పంపేటప్పుడు, ఫారెక్స్ సైటువాడు ఇచ్చిన రేటు ఫోన్‌లో చూపించి, మీరేమిస్తారని అడిగాను. ఆ ఆఫీసరమ్మ స్క్రీన్ నా వైపు తిప్పి "ఇది కార్డు రేటు సార్, నా చేతిలో లేదు" అంది. కార్డు రేటంటే ఆ రోజుకు బ్యాంకు అందరికీ ప్రకటించే ధర. దాన్ని మార్చడం ఎవరి చేతిలో ఉందమ్మా అన్నాను. నవ్వి, ముంబైలో డాలర్ రేట్లు చూసే తమ ట్రెజరీ విభాగానికి ఫోన్ చేసింది. అయిదు నిమిషాల్లో డాలర్‌కు 45 పైసలు తగ్గింది. నాలుగు వేల యాభై రూపాయలు, ఒక్క మాటకు! మొత్తం పెద్దదైతేనే వింటారు. నెలనెలా 500 డాలర్లు పంపితే ఎవడూ వినడు, పైగా ప్రతిసారీ చార్జీ పడుతుంది. బుజ్జి ఖర్చులకు సెమిస్టర్‌కు ఒకసారి పంపు.

పన్ను సంగతి కాస్త జాగ్రత్తగా చదువు. ఒక మనిషి ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా పంపుకోవచ్చు. ఆ పరిమితి మన మిర్చికి అందే రోజు వస్తే అప్పుడు చూద్దాం. మనకు తగిలేది టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు ముందుగా పట్టుకునే పన్ను. నేను పంపినప్పుడు 7 లక్షలు దాటిన మొత్తం మీద 5 శాతం పట్టారు, నలభై వేలకు దగ్గరగా అయ్యింది. 2025 ఏప్రిల్ నుంచి ఆ గీత 10 లక్షలకు జరిగింది. శాతం బడ్జెట్‌కు బడ్జెట్‌కు మారుతోంది, పంపే రోజు బ్యాంకులో కనుక్కో. ఈ 10 లక్షలు ఇంటికి కాదు, మనిషికి. ఎన్ని బ్యాంకుల్లో పంపినా పాన్ మీద అన్నీ కలిపి లెక్కేస్తారు. ఆగస్టు ఫీజు నీ ఖాతా నుంచి, జనవరి ఫీజు మరదలి ఖాతా నుంచి పంపితే ఇద్దరూ గీత లోపలే ఉంటారు. ఇద్దరి పాన్‌లూ ఆధార్‌తో కలిశాయో లేదో ఇప్పుడే చూసుకో.

బ్యాంకు విద్యారుణం నుంచి పోయే డబ్బుకు ఇప్పుడు టీసీఎస్ లేదు. కానీ నువ్వు బంగారం తాకట్టు పెట్టి తెస్తానంటున్నావు. అది చదువుకే పోయినా విద్యారుణం కింద లెక్క కాదు.

ఫారంలో పర్పస్ కోడ్ అని ఉంటుంది. ఎస్0305, అంటే విదేశీ చదువు, ఫీజూ హాస్టలూ అందులోకే వస్తాయి. తొందరలో గుమస్తా గిఫ్ట్ అనో, కుటుంబ పోషణ అనో పెట్టాడంటే, గీత దాటిన దాని మీద 20 శాతం పడుతుంది. పట్టిన డబ్బు ఊరికే పోదు, ఆదాయపు పన్ను శాఖ లెక్కల్లో నీ పేరున కనిపిస్తుంది. మనది వ్యవసాయం, రిటర్న్ ఎందుకంటావేమో. అది వెనక్కి రావాలంటే రిటర్న్ వేయాల్సిందే.

ఇంకోటి. మన బంధువుల్లోనే ఒకరు నీతో అంటారు చూడు: "నేనక్కడ బుజ్జికి డాలర్లిస్తా, నువ్విక్కడ మా నాన్నకు రూపాయలివ్వు, చార్జీలెందుకు దండగ" అని. మంచి మనసుతోనే అంటారు. కానీ అది ఫెమా అనే విదేశీ మారకద్రవ్య చట్టానికి విరుద్ధం. పట్టుబడితే మొత్తానికి మూడింతల దాకా జరిమానా. ఫీజు కట్టడానికి నీ దగ్గర రుజువూ ఉండదు. మొహమాటపడకుండా వద్దను.

డాలర్ తగ్గుతుందేమోనని మాత్రం ఆగకు. కోల్డ్ స్టోరేజీలో బస్తాలు పెట్టి ధర కోసం కూర్చునే అలవాటు నీకుంది, అందుకే చెబుతున్నా. 2022 జూలైలో డాలర్ మొదటిసారి 80 దాటింది. అబ్బాయి రెండో సెమిస్టర్ డబ్బు అప్పటికే నా చేతిలో ఉంది. 78కి దిగుతుందిలే అని ఆగాను. అక్టోబరులో 83 దాటింది. మీ వదిన ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

పంపాక స్విఫ్ట్ కాపీ, అంటే డబ్బు పంపినట్టు బ్యాంకు ఇచ్చే కాగితం, అడిగి తీసుకుని బుజ్జికి పెట్టు. డబ్బు దారిలో ఎక్కడుందో ఆ కాగితంలోని నంబరుతో కనుక్కోవచ్చు. రెండు మూడు పనిరోజులు పడుతుంది. గడువుకు పది రోజుల ముందే పంపితే నిద్ర పడుతుంది.

మరదలికి, బుజ్జికి, అత్తయ్యగారికి మా ఆశీస్సులు, నమస్కారాలు చెప్పు.

ఇట్లు
అన్నయ్య

తా.క. అమెరికా బ్యాంకులకు ఐబాన్ (యూరప్‌లాంటి చోట్ల వాడే పొడవాటి ఖాతా నంబరు) ఉండదు. తొమ్మిది అంకెల రౌటింగ్ నంబరు, ఖాతా నంబరు, స్విఫ్ట్ కోడ్ కావాలి. కొన్ని బ్యాంకులకు వైర్‌కు ఒక రౌటింగ్ నంబరు, మామూలు బదిలీకి ఇంకొకటి ఉంటాయి. యూనివర్సిటీ పేజీలో వైర్ అని ఉన్నదే రాయి. బుజ్జి విద్యార్థి నంబరు రిమార్కుల గడిలో తప్పక ఉండాలి. ఫారం నింపాక, సంతకం పెట్టకముందే ఫోటో తీసి నాకు పంపు. కళ్లద్దాలు పెట్టుకునే చూస్తాలే.