కళ్లు మూసుకోవద్దు తల్లీ

చిట్టితల్లికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఫోనులో వచ్చే మాటలు వింటూ పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చుంటే కారు తలకిందులైన చప్పుడే మళ్లీ వినిపించిందనీ, ఒళ్లంతా చెమటలు పట్టాయనీ, ధ్యానం కూడా చేతకాని దాన్నయ్యాననీ రాశావు. ఆ చివరి మాట చదివి చాలా బాధపడ్డాను. ఇందులో నీ తప్పేమీ లేదు. గుత్తి దగ్గర ఆ ప్రమాదం జరిగి రెండు నెలలే అయింది. గాయం ఇంత పచ్చిగా ఉన్న మనిషిని కళ్లు మూసుకుని లోపలికి చూడమంటే ఏం కనిపిస్తుంది? లోపల ఇంకా ఆ రాత్రే ఉంది.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి కర్నూలు మీద పడ్డప్పుడు మేము మిద్దె మీద రెండు రాత్రులు గడిపిన సంగతి నీకు తెలుసు. ఇంట్లోని బురద కడుక్కోవడానికి పది రోజులు పట్టింది. వాన చినుకుకు గుండె దడ రాకుండా ఉండడానికి నాకు మూడేళ్లు పట్టింది. అందులో రెండేళ్లు దేవుడి గదిలో కళ్లు మూసుకుని, ప్రశాంతత కోసం పట్టుబట్టి పోగొట్టుకున్నవే. మూసిన కళ్ల ముందు నీళ్లు మెట్లెక్కి వచ్చేవి. చివరికి ఒక డాక్టరమ్మ, "కళ్లు తెరిచే కూర్చోండి, ఇప్పుడు ఈ గదిలో ఏమున్నాయో చూడండి" అన్నారు.

అప్పటి నుంచి నేను చేసేది ఇదే. ఉదయం కాఫీ తాగాక వీధి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, చెప్పులు విడిచి, పాదాలు బేతంచర్ల బండ మీద ఆనిస్తాను. ఆ చల్లదనం మడమకు తగులుతోందా, వేళ్లకా అని గమనిస్తాను. తర్వాత మూడు చప్పుళ్లు వెతుకుతాను. పాలు పోసే అబ్బాయి మోటారు సైకిలు, పక్కింటి కుక్కరు, కాకి. రెండు నిమిషాలలో అయిపోతుంది. నువ్వు ఒక్క నిమిషంతో మొదలుపెట్టు. ఊపిరి మీద ధ్యాస పెడితే కొందరికి దడ ఇంకా పెరుగుతుంది. నీకూ అలా అయితే ఊపిరి జోలికే పోకు, పాదాలు చాలు. సరిపడితే మాత్రం పీల్చినదానికంటే నిదానంగా వదులు.

ఆ జ్ఞాపకం దూసుకొచ్చినప్పుడు దాన్ని తరిమేయాలని చూడకు, దాని వెంటా పోకు. చుట్టూ చూసి, "ఇది అనంతపురం, మా ఇల్లు, ఈరోజు మంగళవారం" అని పైకే అను. ప్రమాదపు చప్పుడూ వాసనా వెలుగూ మనసులో ముక్కలుగా మిగిలిపోతాయి, ఆ ముక్కలకు తేదీ ఉండదు. అందుకే లారీ హారను వినగానే అంతా ఇప్పుడే జరుగుతున్నట్టు ఒళ్లు బెదురుతుంది. ఆ తేదీని నువ్వే గుర్తుచేయాలి.

పరామర్శకు వచ్చినవాళ్లు "అసలేమైంది, మొదటి నుంచి చెప్పు" అంటారు. చెప్పనక్కరలేదు. కాఫీ ఇచ్చి మాట మార్చమని మీ అమ్మకు చెప్పాను.

ఇంకొక మాట గట్టిగా చెబుతున్నాను. పీడకలలు, ఉలికిపాటు, ఆ దారి వైపే వెళ్లలేకపోవడం నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యులకు చూపించుకోవాలి. నీకు రెండు నెలలయ్యాయి. జరిగినదాన్ని నిపుణుల సమక్షంలో కొద్దికొద్దిగా ఎదుర్కొనే చికిత్సలు ఉన్నాయి, చాలామందికి మేలు చేస్తాయి. నేను చెప్పిన సాధనను వాటికి తోడుగానే పెట్టుకో. మీ అమ్మ నిద్రమాత్రలు ముట్టుకోకు. ఆసుపత్రికి వెళ్లడానికి మొహమాటంగా ఉంటే ముందు 14416కు ఫోను చెయ్యి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్, మనసు బాగోలేనివాళ్లకు ఫోనులో సాయం చేసే సేవ. డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రి రెండు గంటలకైనా పలుకుతారు. బతకాలని లేదన్న ఆలోచన వచ్చిందంటే ఆ క్షణమే చెయ్యి. నాకూ చెయ్యి. నిద్ర లేపానేమోనని అనుకోకు.

శనివారం పొద్దున్నే ఫోను చేస్తాను. గుత్తి మాట ఎత్తను. నీ పాదాల కింద ఏముందో, ఏ చప్పుళ్లు వినిపిస్తున్నాయో అడుగుతాను. నువ్వూ నన్ను అడుగు.

నీ పెద్దమ్మ,
కర్నూలు