కొత్త యుద్ధవిమానం ఆకృతిని బట్టి దాని పనిని ఊహించవచ్చా?

కొంతవరకు ఊహించవచ్చు, అయితే ఒక్క లక్షణాన్ని పట్టుకుని తీర్పు చెబితే పొరపడే అవకాశం ఎక్కువ. 1967లో మాస్కో సమీపంలోని దొమొదేదొవో ప్రదర్శనలో సోవియట్ మిగ్-25 కనిపించినప్పుడు, దాని విశాలమైన రెక్కలను, భారీ ఇంజన్లను చూసిన పాశ్చాత్య నిపుణులు అది గాలిలో చురుగ్గా మలుపులు తిరగగల పోరాట విమానమని భావించారు. 1976 సెప్టెంబరులో విక్టర్ బెలెంకో అనే సోవియట్ పైలట్ దేశం విడిచి పారిపోతూ ఒక మిగ్-25ను జపాన్‌లోని హకొదాతేలో దింపిన తరువాత అసలు సంగతి బయటపడింది. విమాన దేహంలో అధికభాగం ఉక్కు కావడంతో ఖాళీ బరువే సుమారు 20 టన్నులు ఉంది, ఆ బరువును మోయడానికే అంత రెక్క అవసరమైంది. చాలా ఎత్తున ధ్వనికి రెండున్నర రెట్లకు పైగా వేగంతో దూసుకుపోయి బాంబర్లను అడ్డుకోవడమే దాని పని. ఆ వేగం నిఘాకూ పనికివచ్చింది. భారత వాయుసేన దానిని 2006 వరకు వాడింది అందుకే.

కాబట్టి రెక్కల వైశాల్యాన్ని బరువుతో కలిపి చూడాలి. ఇంజన్లకు గాలి అందించే ద్వారాలు, ముక్కులో రాడార్‌కు ఉన్న చోటు, విమానం లోపల ఆయుధాలు పెట్టే గది పొడవు కూడా చెప్పేది ఉంటుంది. చక్రాల సంఖ్యను, మందాన్ని చాలామంది పట్టించుకోరు గానీ, ఫోటోలో బరువును అంచనా వేయడానికి నా దృష్టిలో అవే మంచి ఆధారాలు.