ఆ 13 గెలుపుల దగ్గర ఆగు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

టామీ బాండ్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. చదువు కోసం బోస్టన్ వెళ్ళి, ఆ ఊరి పాతకాలపు బేస్‌బాల్ ఆటగాడి గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

మనవాళ్ళకి ఈ ఆట తెలీదు కదా అని టెన్షన్ పడి మొదటి రెండు పేజీలూ రూల్సుతో నింపేశావు. పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడని ఒక్క మాట చెప్పు, పాఠకుడు నీ వెంట వచ్చేస్తాడు. ఆ కాలంలో పిచర్ చెయ్యి నడుం కిందనుంచే రావాలి. పిచర్ గీతకీ బ్యాటర్‌కీ మధ్య 45 అడుగులే. క్రికెట్ పిచ్ పొడవు 66 అడుగులని మన పిల్లలకి కూడా తెలుసు కాబట్టి ఆ దూరం ఎంత తక్కువో వాళ్ళే ఊహించుకుంటారు. ఇంకొకటి, బాండ్ ఆడిన బోస్టన్ జట్టు మేనేజర్ హ్యారీ రైట్ ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పుట్టాడు. ఆయన తండ్రి న్యూయార్క్‌లో జీతానికి క్రికెట్ ఆడినవాడు. ఈ సంగతి నీ వ్యాసంలో లేదు, చేర్చు.

ఐర్లండ్ కరువు గురించి నువ్వు రాసిన పేజీ బాగుంది, కానీ తీసెయ్యి. బాండ్ 1856 ఏప్రిల్‌లో లాంగ్‌ఫర్డ్ కౌంటీలోని గ్రానార్డ్‌లో పుట్టాడు. అప్పటికి కరువు దాటిపోయింది. చిన్నతనంలోనే అమెరికా వచ్చి బ్రూక్లిన్‌లో పెరిగాడు. ఓడ మీద ఆ పిల్లాడు ఏం ఆలోచించాడో మనకెలా తెలుస్తుంది? వాళ్ళమ్మ చేత నువ్వు చెప్పించిన మాటలు కూడా కొట్టెయ్. దాని బదులు ఆండీ లెనర్డ్‌ని తీసుకురా. ఆయనా ఐర్లండ్‌లో పుట్టినవాడే, 1877, 78లలో బాండ్‌తో కలిసి బోస్టన్‌కి ఆడాడు. అప్పుడు ఇల్లు వదిలి వచ్చినవాడు ఒంటరి కాదని పాఠకుడికి దానంతటదే తెలుస్తుంది.

బోస్టన్‌కి ముందు బాండ్ ఆడిన హార్ట్‌ఫర్డ్ జట్టులోని గొడవ రాసేటప్పుడు కాస్త జాగ్రత్త. 1876లో బాండ్ తన కెప్టెన్ బాబ్ ఫెర్గూసన్ కావాలనే ఆటలు ఓడిస్తున్నాడని ఆరోపించాడు. మరుసటి ఏడాది బోస్టన్ వెళ్ళిపోయాడు. నువ్వేమో ఫెర్గూసన్‌ని దొంగని చేసేశావు. ఆరోపించాడు అని రాసి ఊరుకో. ఎప్పుడో చనిపోయి, జవాబు చెప్పుకోలేని మనిషి మీద తీర్పు రాయకూడదు.

ఇక అసలు సంగతికి వస్తాను. 1878లో బోస్టన్ 60 ఆటలు ఆడి 41 గెలిచింది, 19 ఓడింది. బేస్‌బాల్‌లో ప్రతి గెలుపూ, ఓటమీ ఒక పిచర్ పేరున రాస్తారు. ఆ గెలుపుల్లో 40, ఓటములన్నీ బాండ్ ఖాతాలోవే. అంటే ఒక్క ఆట తప్ప సీజన్ భారమంతా ఒక్క చెయ్యి మీదే. 530కి పైగా ఇన్నింగ్స్ (క్రికెట్‌లోలా కాదు, ఇక్కడ ఒక ఆటకి మామూలుగా తొమ్మిది)! ఇప్పటి పిచర్లు 200 దాటడమే అరుదు. 1877లో 40, 78లో 40, 79లో 43 గెలుపులు. పద్దెనిమిదేళ్ళకి మొదలుపెట్టినవాడు ఇరవై నాలుగేళ్ళు వచ్చేసరికి 221 గెలిచాడు. ఆ తర్వాత జీవితం మొత్తంలో ఇంకో 13.

నువ్వు ఈ 13ని ఒక వాక్యంలో దాటేశావు. "తర్వాత చేతి నొప్పితో ఆట తగ్గింది" అన్నావు. నా బాధ అక్కడే.

మా అన్నయ్య నేతపని చేసేవాడు. రోజంతా మగ్గం గుంటలో కూర్చుని కుడిచేత్తో తాడు లాగితే నాడె అటూ ఇటూ పరిగెత్తేది. యాభై దాటాక ఆ చెయ్యి భుజం పైకి లేవలేదు. చొక్కా వేసుకునేటప్పుడు ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, చంటిపిల్లాడికి తొడిగినట్టు చొక్కా చేతిలోకి దూర్చేవాడు. ఆయన నేసిన చీరల గురించి నేను చాలా రాశాను. ఆ చొక్కా గురించి ఇన్నేళ్ళలో ఒక్కసారీ రాయలేదు. అందుకే నీకు ఇంత గట్టిగా చెప్తున్నాను.

1881లో పిచర్ దూరాన్ని 45 నుంచి 50 అడుగులకి పెంచారు. ఆ ఏడాది బాండ్ మూడు ఆటలు ఓడాడు, ఒక్కటీ గెలవలేదు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టు. మధ్యలో "అందువల్ల" అని మాత్రం రాయకు. చెయ్యి అప్పటికే అలిసిపోయింది, ఏది ఎంత దెబ్బ తీసిందో మనం తూకం వెయ్యలేం. 1884లో మళ్ళీ వచ్చి 13 గెలిచాడు, 14 ఓడాడు. ఆ ఏడాది గురించి కనీసం ఒక పేజీ రాయి. ఇరవై ఎనిమిదేళ్ళవాడు పాడైన చేతితో మళ్ళీ మైదానంలోకి ఎందుకు దిగాడు? నీకు జవాబు దొరక్కపోతే ప్రశ్ననే రాయి.

తర్వాత బోస్టన్‌లో ఆస్తిపన్ను లెక్కలు కట్టే ఆఫీసులో ముప్పై ఏళ్ళకి పైగా ఉద్యోగం చేశాడు. 1941 జనవరిలో, ఎనభై నాలుగేళ్ళ వయసులో, అదే ఊళ్ళో చనిపోయాడు. హార్ట్‌ఫర్డ్‌లో ఆయనతో కలిసి ఆడిన క్యాండీ కమింగ్స్ పేరు బేస్‌బాల్ మహామహులని గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉంది, బంతిని వంపు తిప్పడం కనిపెట్టినవాడిగా. బాండ్ పేరు లేదు. అది నీ వ్యాసంలో ఉంది, కోపంగా కూడా ఉంది. ఆ కోపం ఉండనీ.

ఒక ఆదివారం రగుల్స్ స్టేషన్ దగ్గరికి వెళ్ళు. ఆ చుట్టుపక్కలే ఉండేది సౌత్ ఎండ్ గ్రౌండ్స్, బాండ్ ఆడిన మైదానం. ఎక్కడో ఒకచోట నిలబడి 45 అడుగులు కొలుచుకో, ఇంకో ఐదు అడుగులు వెనక్కి నడువు. ఇంటికొచ్చాక 1881 నుంచి రాయడం మొదలుపెట్టు. ముందు భాగం తర్వాత చూద్దాం. కొత్త ప్రతి ప్రింట్ తీసి పోస్టులో పంపు, నాకు కాగితం మీద పెన్నుతో దిద్దడమే అలవాటు.

నీ మాస్టారు