పంపే తేదీ రాసుకున్నావా?

ప్రియమైన అబ్బాయికి,

ప్రభువు పేరట వందనాలు చెప్పి మావయ్య రాస్తున్న ఉత్తరం.

మీ అమ్మ ఫోన్ చేసి సంగతి చెప్పింది. ఆరుగురు కుర్రాళ్ళను రెండేళ్ళు నీ దగ్గరే ఉంచుకుంటావట. పొద్దున చేతిపని, సాయంత్రం వాక్యం నేర్పి, ఆ తర్వాత సంఘం లేని చోట్లకు సంఘాలు కట్టడానికి పంపుతావట. ఎవరి కానుకల కోసమూ ఎదురుచూడకుండా వాళ్ళ పని మీదే వాళ్ళు బతకాలట. మీ అమ్మ సగం చెప్పి ఏడ్చింది, ఏడుస్తూనే మిగతా సగం గొప్పగా చెప్పుకుంది. నేనూ అంతే. ఫోన్ పెట్టేసి మీ అత్తయ్యతో "చూశావా, వీడు నా మేనల్లుడు" అన్నాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

తేలిగ్గా తేలిపోయేవి ముందు చెప్పేస్తాను. చేర్చుకునే ముందు ఒక్కొక్కణ్ణి వాడి సొంత సంఘంలో కొన్ని నెలలు గమనించు. పెళ్ళయినవాడైతే భార్యను వేరుగా అడుగు, మొగుడి పక్కన కూర్చుని "నాకిష్టం లేదు" అని ఎవరూ అనరు. సంఘం డబ్బుకు ఒక బ్యాంకు ఖాతా, వ్యాపారానికి ఇంకొకటి. కానుకలు ఇద్దరు లెక్కపెట్టాలి, ఆ ఇద్దరిలో నువ్వు ఉండకూడదు. ప్రార్థన సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు.

వ్యాపారం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, మన సేవకులకు లెక్కలంటే లోకసంబంధమైనవని ఒక చిన్నచూపు ఉంది కాబట్టి. నా దగ్గర నేర్చుకున్న ఒకడు మొదటిసారి సొంతంగా బల్ల చేసి ధర కట్టాడు. చెక్క రాశాడు, మేకులు రాశాడు, పాలిష్ రాశాడు, రవాణా కూడా రాశాడు. నాలుగు రోజులు తాను పడ్డ కష్టం రాయలేదు. "నా పనికి డబ్బేంటి అయ్యగారూ, అది ఊరికే వచ్చిందే కదా" అన్నాడు. అలా ఆర్నెల్లు చేసేవాడు బల్లలు అమ్మడు, రెక్కల కష్టం ఊరికే పంచిపెడతాడు. కాబట్టి ధర కట్టడం నేర్పు. పుస్తకంలో లాభం కనబడుతున్నా ముడిసరుకు కొనడానికి చేతిలో రూపాయి లేకపోవడం ఎలా జరుగుతుందో వాడి లెక్కలే ముందేసుకుని చూపించు. ముఖ్యంగా అరువు. విశ్వాసి కదా అని అరువిస్తే, ఆదివారం పాస్టర్‌గారి మొహం చూడగానే అతనికి బాకీ గుర్తొస్తుంది. ముందు ఎదురుపడటం తగ్గిస్తాడు, తర్వాత కూటానికి రావడమే మానేస్తాడు. సంఘం ఖాళీ అవడానికి దుర్బోధ ఒక్కటే కారణం కాదు.

ఏ పని నేర్పాలో కూడా ముందే తేల్చెయ్యకు. 1732లో జర్మనీలోని హెర్న్‌హూట్ నుంచి, మొరావియన్లనే క్రైస్తవ సమాజానికి చెందిన ఇద్దరు సహోదరులు కరీబియన్‌లోని సెయింట్ థామస్ దీవికి, అక్కడి బానిసలకు సువార్త చెప్పాలని బయల్దేరారు. లియొనార్డ్ డోబర్ కుమ్మరి, డేవిడ్ నిచ్‌మన్ వడ్రంగి. తీరా వెళ్తే ఆ దీవి మట్టి కుండలకు పనికిరాలేదు. ఇద్దరి పొట్టా నిచ్‌మన్ వడ్రంగంతోనే నిండింది. కొన్ని నెలలకు అతను వెనక్కి వెళ్ళిపోతే డోబర్ వేరే పని వెతుక్కోవాల్సి వచ్చింది. నేను వడ్రంగిని కాబట్టి ఈ కథ నాకు మరీ ఇష్టమని మీ అత్తయ్య వెక్కిరిస్తుందిలే. అయినా విను. నీ కుర్రాళ్ళు వెళ్ళబోయే చోటికి ముందు ఒకసారి పోయి మట్టి చూసి రావాలి. వీళ్ళు చేసింది అక్కడ ఎవరు కొంటారు? ఆ పని చేసుకుని బతికేవాళ్ళు అక్కడ ఇప్పటికే ఎందరున్నారు? కొత్తగా వచ్చి తన బేరాలు లాక్కున్నవాడు రక్షణ గురించి చెప్తుంటే ఎవడు కూర్చుని వింటాడు?

నీ ప్లాను మొదటి పేజీలోనే "పౌలు డేరాలు కుట్టాడు" అని పెద్ద అక్షరాలతో రాశావట. రాసుకో. కానీ అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం మూడో వచనం దగ్గర ఆగిపోకు, అయిదోది కూడా చదువు. కొరింథులో అకుల, ప్రిస్కిల్ల దంపతులతో కలిసి డేరాలు కుట్టిన మనిషే, జతపనివాళ్ళు సీలా, తిమోతీ మాసిదోనియ నుంచి వచ్చాక వాక్యం మీదే పడ్డాడు. సూది ఎప్పుడు పక్కన పెట్టాలో ఆయనకు తెలుసు. నాకు తెలియలేదు. ఆ రాత్రి నిద్ర పట్టనిది అందుకే.

నువ్వు చిన్నప్పుడు సెలవులకు వస్తే నా షెడ్డులో ఒక అన్న నీకు చెక్కబండి చేసిచ్చాడు, గుర్తుందా? పేరు రాయను. వాడు నా దగ్గరికి వచ్చింది వడ్రంగం కోసం కాదు, సేవ నేర్చుకోవడానికి. రెండేళ్ళని చెప్పి చేర్చుకున్నాను. మొదటి ఏడు రంపం నిలవక చెక్క పాడుచేసేవాడు, నేను అరిచేవాణ్ణి. రెండో ఏటికి వాడి పనితనం నాదాన్ని మించిపోయింది. వాడు చిత్రిక పట్టిన చెక్క మీద అరచెయ్యి పెట్టి తీయబుద్ధయ్యేది కాదు. జనం వాడి పేరు చెప్పి ఆర్డర్లు ఇవ్వసాగారు. షెడ్డు పెట్టాక మొదటిసారి అప్పు లేకుండా నిద్రపోయాం.

రెండేళ్ళు నిండాయి. "నన్నెప్పుడు పంపుతారయ్యగారూ?" అని అడిగాడు. "ఇంకా పక్వానికి రాలేదు నాయనా" అన్నాను. అబద్ధం చెప్తున్నానని ఆ పూట నాకు తెలియదు. ఇదే నీకు అర్థం కావాలి అబ్బాయి, నిజంగానే అలా అనుకున్నాను. వాడి ప్రసంగాల్లో తప్పులు వెతికాను, దొరికాయి. వెతికితే నావాటిలోనూ దొరికేవి. మోకాళ్ళ మీద ఉండి "ప్రభువా, వీణ్ణి ఇంకా సిద్ధపరచు" అని ప్రార్థన కూడా చేశాను. లేచి వెళ్ళి ఆ వారం ఆర్డర్లన్నీ వాడికే అప్పగించాను.

లెక్కలు మీ అత్తయ్య రాసేది. ఒక సాయంత్రం పుస్తకం మూస్తూ, "ఆ అబ్బాయి వెళ్ళిపోతే మనం షెడ్డు మూసెయ్యాలి కదండీ" అంది. నేను ఆమె మీద విరుచుకుపడ్డాను. పాపం, పుస్తకంలో ఉన్నదే చదివింది.

మూడో ఏడు గడిచింది, నాలుగూ గడిచింది. అయిదో ఏట వాడు అడగడం మానేశాడు. దాన్ని ఓర్పనుకుని సంఘంలో నలుగురి ముందూ మెచ్చుకున్నాను కూడా. ఒక సోమవారం షెడ్డుకు రాలేదు. వెళ్ళి చూస్తే పనిముట్లన్నీ తుడిచి, నూనె రాసి, పెట్టెలో వరసగా సర్ది ఉన్నాయి. ఒక్క ఉలి కూడా పట్టుకెళ్ళలేదు.

చాలా ఏళ్ళకు వాడి చోటు వెతుక్కుంటూ వెళ్ళాను, క్షమించమని అడగడానికే. సొంత షెడ్డు పెట్టుకున్నాడు, పెద్దదే. స్టూలు వేసి కూర్చోబెట్టాడు. చెప్పాల్సింది చెప్పాను. "పోనీలెండి అయ్యగారూ, పని నేర్పారు కదా" అని మళ్ళీ చిత్రిక అందుకున్నాడు. ఆదివారాలు సంఘానికి వెళ్తాడట, వెనక వరసలో కూర్చుంటాడట. నా దగ్గర్నుంచి వెళ్ళాక ఒక్కసారి కూడా నిలబడి వాక్యం చెప్పలేదట. ఆ "పని నేర్పారు కదా" అన్నది మనసారా అన్నాడో, ఎత్తిపొడిచాడో నాకు ఈ రోజుకీ తెలియదు.

నువ్వు నా అంత స్వార్థపరుడివి కాదని తెలుసు. కానీ నాది నాకు స్వార్థంలా కనబడలేదురా! ఆరుగురు పనిచేసే షెడ్డుకు అద్దె ఉంటుంది, కరెంటు బిల్లు ఉంటుంది, ఒప్పుకున్న ఆర్డర్లుంటాయి. అందరికంటే బాగా నేర్చుకున్నవాణ్ణే ముందు పంపాలి, వాణ్ణి పంపాలంటేనే చెయ్యి రాదు. అందుకని చేర్చుకున్న రోజే పంపే తేదీ కాగితం మీద రాయి. ఒక కాగితం వాడి దగ్గర, ఇంకొకటి మీ సంఘ పెద్దల దగ్గర ఉండాలి, నీ దగ్గర వద్దు. వాడు సిద్ధమా కాదా అనేది పెద్దలు తేల్చాలి. వాడి పనితో ఆదాయం వచ్చే నువ్వు తేల్చకూడదు. పని వచ్చాక బయట ఎంత కూలి ఇస్తారో అంతా ఇచ్చెయ్. నేర్చుకుంటున్నాడు కదా అని సగమే ఇచ్చావనుకో, మిగిలిన ఆ సగమే నీ చేత "ఇంకా పక్వానికి రాలేదు" అనిపిస్తుంది.

అలాగని రెండేళ్ళూ కూర్చోబెట్టి ఒకేసారి తోసెయ్యకు. పౌలు తిమోతిని థెస్సలొనీకకు పంపితే కబురు పట్టుకుని తిరిగొచ్చాడు. కొరింథుకూ పంపాడు. ఎఫెసు సంఘాన్ని చూసుకోమని అక్కడ ఉంచడం చాలా తర్వాతి మాట. నువ్వూ ముందు ఒక వారం పంపు, ఎవరింట్లోనైనా కూటం నడిపి రమ్మను. వచ్చాక ఎంతమంది కూడుకున్నారని అడగకు. ఎక్కడ నోరు పెగల్లేదు, ఎవరితో మాటామాటా వచ్చింది, రాత్రి ఒక్కడివే ఉన్నప్పుడు ఏమనిపించింది, ఇవి అడుగు. మెంటరింగ్ అని నీ కాగితంలో పెద్ద గడి గీశావట. నా మటుకు నాకు ఈ మూడు ప్రశ్నలు అడిగి, ఆపైన నోరు మూసుకుని వినడమే అది. ఆ రెండోది నీకు కష్టం, చిన్నప్పట్నుంచీ చూస్తున్నానుగా.

ఒకడైనా మధ్యలో వెనక్కొస్తాడు. పౌలు, బర్నబాలతో కలిసి సువార్త పనికి బయల్దేరిన మార్కు అనబడిన యోహాను, మధ్యలో పెర్గే నుంచి యెరూషలేముకు వెళ్ళిపోలేదూ? వాణ్ణి మళ్ళీ తీసుకెళ్ళనని పౌలు, తీసుకెళ్దామని బర్నబా, చివరికి ఇద్దరూ చెరో దారి పట్టారు. అదే పౌలు ముసలితనంలో, మార్కును వెంటబెట్టుకురా, పరిచర్యకు నాకు పనికొస్తాడని తిమోతికి రాశాడు. మధ్యలో బర్నబా ఎంత ఓపిక పట్టాడో ఎక్కడా రాయలేదు. వెనక్కొచ్చినవాడికి నీ దగ్గర ఒక మంచం, చేతికింత పని ఎప్పుడూ సిద్ధంగా ఉంచు. ఎందుకొచ్చావని వారం దాకా అడగకు.

వచ్చే నెల ఒకసారి రా. ప్లాను కాగితాలు వద్దు, ఆ ఆరుగురి పేర్లూ, నీ లెక్కల పుస్తకమూ పట్టుకురా. అత్తయ్య మీ ఆవిణ్ణి వేరుగా ఫోన్ చెయ్యమంది. ఇంట్లో ఆరుగురు ఎక్కువైతే ఏమవుతుందో మనిద్దరికీ తట్టనివి వాళ్ళు మాట్లాడుకోవాలట.

వాడు సర్దిపెట్టి వెళ్ళిన పెట్టె ఇంకా నా దగ్గరే ఉంది. నువ్వు తీసుకెళ్ళు. ఉలులకు మాత్రం పదును పెట్టించుకోవాలి.

నీ
మావయ్య