కిటికీలోంచి కనిపిస్తోంది కదా, మరి విమానం ఎందుకు కదలదు?

ప్రశ్న: పొగమంచు వల్ల మమ్మల్ని ఎయిర్‌పోర్టులో మూడు గంటలు కూర్చోబెట్టారు. కిటికీలోంచి చూస్తే ఆగి ఉన్న విమానాలు, వాటి వెనక షెడ్డు కూడా కనిపిస్తూనే ఉన్నాయి. అయినా విజిబిలిటీ లేదన్నారు. మధ్యలో వేరే విమానం ఒకటి ఎగిరిపోయింది కూడా. మాకు చెప్పింది అబద్ధమేనా?

జవాబు: అబద్ధం కాదండీ. మీరు చూసింది టెర్మినల్ ముందున్న జాగా. విమానానికి కావాల్సింది రన్‌వే మధ్యగీత మీద ఉన్న పైలట్‌కి ముందున్న గీతలు, లైట్లు ఎంత దూరం వరకు కనిపిస్తాయన్నది. దాన్నే ఆర్‌వీఆర్ (రన్‌వే విజువల్ రేంజ్) అంటారు. పొగమంచు అంతటా ఒకేలా పట్టదు, టెర్మినల్ దగ్గర పలచగా ఉండి రన్‌వే అవతలి చివర గడ్డి మీద చిక్కగా ఉండొచ్చు, అందుకే పెద్ద రన్‌వేల పక్కన దిగే చోట, మధ్యలో, చివర సెన్సర్లు పెట్టి మూడు అంకెలు విడివిడిగా చెబుతారు.

సెన్సర్లలో పాత రకం ట్రాన్స్‌మిసోమీటర్. ఒక స్తంభం కాంతి వదులుతుంది, కొన్ని పదుల మీటర్ల అవతల ఇంకోటి అందుకుంటుంది, దారిలో ఎంత కాంతి పోయిందో దాన్నిబట్టి లెక్క. ఫార్వర్డ్ స్కాటర్ రకంలో మంచు బిందువులకు తగిలి చెదిరిన కాంతిని కొలుస్తారు. ఆ కొలతకి రన్‌వే లైట్లు ఎంత వెలుగులో ఉన్నాయో, చుట్టూ పగలా రాత్రా అన్నదీ కలుపుతారు. అంటే అదే పొగమంచులో లైట్ల వెలుగు పెంచితే ఆర్‌వీఆర్ కూడా పెరగొచ్చు. ఇందులో మోసమేమీ లేదు, లైట్లు నిజంగానే ఇంకాస్త దూరం కనిపిస్తాయి.

ఇక దిగడానికి: పరికరాల సాయంతో దిగే పద్ధతుల్ని క్యాట్-1, 2, 3 అని స్థాయిలుగా విడదీశారు. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం క్యాట్-1లో కనీసం 550 మీటర్ల ఆర్‌వీఆర్ కావాలి, క్యాట్-2లో 300, క్యాట్-3లో అంతకన్నా తక్కువ సరిపోతుంది. అయితే రన్‌వే పరికరాలు, విమానం, పైలట్ల శిక్షణ మూడూ ఆ స్థాయివి కావాలి. ఒక్కటి తగ్గినా కుదరదు. టేకాఫ్‌కి చాలాచోట్ల క్యాట్-1 కన్నా తక్కువే చాలు, తగిన లైట్లు, అనుమతి ఉంటే 125 మీటర్లలోనూ ఎగురుతారు. మీ కళ్ల ముందు ఒకటి వెళ్లి మీది ఆగడానికి కారణం ఇలాంటిదే అయి ఉండొచ్చు, లేదా మీరెక్కాల్సిన విమానమే ఇంకా దిగలేక ఎక్కడో ఆగిపోయి ఉండొచ్చు.

అందరికీ అర్హత ఉన్నా ఆలస్యం తప్పదు. విమానాన్ని దించే రేడియో సంకేతాలకి అడ్డు రాకూడదని ముందు దిగింది రన్‌వే నుంచి బాగా దూరంగా తప్పుకునేదాకా వెనకదాన్ని రానివ్వరు, నేల మీద నడకా నెమ్మదిస్తుంది. 2001లో ఇటలీలోని లినాటే ఎయిర్‌పోర్టులో పొగమంచులో దారి తప్పి రన్‌వే మీదకొచ్చిన చిన్న విమానాన్ని టేకాఫ్ తీసుకుంటున్న పెద్ద విమానం ఢీకొట్టి 118 మంది చనిపోయారు. అందుకే ఈ నెమ్మదిని నేను ఎప్పుడూ తప్పుపట్టను.

ప్రశ్న: ఆ సెన్సర్లే తప్పు చూపిస్తే?

జవాబు: చాలా మంచి ప్రశ్న. వాటి అద్దం మీద దుమ్ము పట్టినా, సాలీడు గూడు కట్టినా లెక్క మారిపోతుంది. ట్రాన్స్‌మిసోమీటర్ అద్దం మురికైతే కాంతి తక్కువ అందుతుంది, ఉన్నదానికన్నా తక్కువ విజిబిలిటీ చూపిస్తుంది, విమానాలు ఊరికే ఆగుతాయి. ఫార్వర్డ్ స్కాటర్‌లో దీనికి తలకిందులు: చెదిరిన కాంతి తక్కువ అందేసరికి పొగమంచు పలచగా ఉందనుకుని ఎక్కువ చూపిస్తుంది. ఇదే ప్రమాదం. అందుకని ఇప్పటి పరికరాలు తమ అద్దం మురికిని తామే కొలుచుకుని సరిదిద్దుకుంటాయి, హెచ్చరిక కూడా ఇస్తాయి. అయినా ఎవరో ఒకరు మెత్తటి గుడ్డ పట్టుకెళ్లి ఆ అద్దం తుడవాల్సిందే. అది చిన్న పని కాదని గట్టిగా చెబుతాను. దిగే చోటి సెన్సర్ పూర్తిగా ఆగిపోతే, కొన్ని నిబంధనలు తాత్కాలికంగా మధ్యలోదాన్ని వాడుకోనిస్తాయి. ఏదీ పనిచేయకపోతే క్యాట్-2, 3 ల్యాండింగులు బంద్.

ప్రశ్న: దిగుతుండగా అంకె పడిపోతే?

జవాబు: చాలా దేశాల్లో దీనికి హద్దు వెయ్యి అడుగుల ఎత్తు దగ్గర ఉంటుంది. అంతకన్నా పైన ఉండగా ఆర్‌వీఆర్ పరిమితికన్నా తగ్గితే కిందికి రాకూడదు. ఆ ఎత్తు దాటాక పడిపోతే నిర్ణయించుకోవాల్సిన ఎత్తు వరకు రావచ్చు. క్యాట్-1లో ఆ ఎత్తు 200 అడుగులు. అక్కడ పైలట్‌కి లైట్లు కనబడితే దిగుతారు, లేదంటే ఇంజన్లు ఒక్కసారిగా హోరెత్తి విమానం మళ్లీ పైకి లేస్తుంది. అప్పుడు టెన్షన్ పడకండి, ముందే అనుకున్న ప్రకారమే జరుగుతోంది.